ట్రాక్టరు, జె.సి.బి. హోసుల మరలు కలవనప్పుడు

(రైతు శిక్షణ తరగతిలో ఇచ్చిన ప్రసంగ పాఠము)



పైరులను గూర్చి చెప్పవలసినవాడు ఇనుప నట్లను గూర్చి మాట్లాడుట మీలో కొందరికి వింతగా తోచవచ్చును. నేను బోధించునది సేద్యశాస్త్రము. అయినను తొలకరికి ముందు జరుగు తరగతులలో విత్తనమును గూర్చి ఒక ప్రశ్న వచ్చిన, యంత్రములను గూర్చి రెండు ప్రశ్నలు వచ్చుచున్నవి. వానిలో తరచుగా వినబడునది ఇది: "అయ్యా, నాగలి కొన్నాము, ట్రాక్టరు ఉన్నది, హోసు మాత్రము కలియలేదు. ఏమి చేయవలెను?"

ఇది చిన్న ప్రశ్న కాదు. ఎర్ర చెలక నేలలో మంచి వాన పడిన తరువాత విత్తుటకు చాలినంత పదును కొద్ది రోజులే నిలుచును. ఆ రోజులలో నాగలి చావడిలో పడియున్నచో, తరువాత ఎంత మంచి విత్తనము వేసినను ఆ నష్టము పూడదు. పోనీ, ఏదో ఒక విధముగా బిగించి పని గడుపుకొందమన్నచో అంతకంటె పెద్ద నష్టము రావచ్చును. ఆ సంగతి ముందుకు చెప్పెదను.

ఇప్పుడు మన దొడ్లలో ఉన్న యంత్రములు ఒక్క వంశమునకు చెందినవి కావు. ట్రాక్టరు ఒక దేశపు నమూనా, రివర్సిబుల్ నాగలి మరియొక దేశపు నమూనా, టిప్పింగ్ ట్రక్కు దగ్గరి పట్నములోని వర్క్‌షాపులో కట్టినది. చెరువు మట్టి తోలుటకు, పంట కుంటలు తీయుటకు, గట్లు వేయుటకు వచ్చు జె.సి.బి., ఎక్స్‌కవేటరులు వేరొక జాతి. కొందరు రైతులు పాత జె.సి.బి.ని కొని ఊరిలో బాడుగకు త్రిప్పుచున్నారు. మరికొందరు దానికి గుంతలు త్రవ్వు బర్మాను సెకండ్ హ్యాండులో తెచ్చి తగిలించుచున్నారు. వీని నన్నిటిని కలుపునది వ్రేలి లావు రంధ్రము గల ఒక రబ్బరు హోసు, దాని చివరనున్న ఒక నట్టు. ఆ నట్టు కలియనిచో లక్షల రూపాయల యంత్రము నిలిచిపోవును.

మరలు ఇన్ని రకములుగా ఎందుకున్నవని మీరు అడుగవచ్చును. ఇంగ్లండులో 1841లో జోసెఫ్ విట్‌వర్త్ అను యంత్రకారుడు మరలకు ఒక కొలత ఏర్పరచెను. ఆ మర పల్లు నడుమ కోణము 55 డిగ్రీలు. అమెరికాలో 1864లో విలియం సెల్లర్స్ అను నాతడు 60 డిగ్రీల మరను ప్రతిపాదించెను. ఐరోపా ఖండములోని దేశములు మిల్లీమీటర్ల కొలతను పట్టుకొన్నవి. ఎవరి మర వారు వాడుకొన్నంతకాలము చిక్కు లేదు. సరుకు దేశములు దాటినప్పుడే చిక్కు వచ్చినది. 1904 ఫిబ్రవరిలో అమెరికాలోని బాల్టిమోరు నగరము అంటుకొన్నప్పుడు పొరుగు నగరములనుండి ఫైరింజనులు పరుగున వచ్చినవి. కాని వాటిలో చాలవాని హోసులు ఆ ఊరి నీటి కొళాయిల మరలకు ఎక్కలేదు. 1,500కు పైగా కట్టడములు బూడిద అయినవి. రెండవ ప్రపంచ యుద్ధములో ఈ బాధను మరల అనుభవించిన పిమ్మట 1948లో బ్రిటన్, అమెరికా, కెనడా దేశములు కొన్ని మరలకు ఒకే కొలత ఒప్పుకొన్నవి. అయినను పైపు మరల విషయములో బ్రిటిషు పద్ధతి, అమెరికా పద్ధతి నేటికిని విడివిడిగానే యున్నవి. ఆ తగవు ఇప్పుడు మన దొడ్డిలోనికి వచ్చినది.

ఇక అసలు విషయము. హోసు జాయింటులో రెండు పనులు జరుగుచుండును. ఒకటి పట్టు, రెండవది అడ్డు. మర పట్టి ఉంచును. ఆయిలు కారకుండ అడ్డునది మర కాదు, చాలా జాయింటులలో లోపలనున్న కూర్చుండు ముఖము. మన మేస్త్రీలు మర కలిసినదా లేదా అని మాత్రమే చూతురు. మర ఎక్కినది గదా అని బిగింతురు. లోపలి ముఖములు కలియకున్న, ఎంత బిగించినను ఆయిలు కారుచునే యుండును. ఇంకను బిగించిన ముఖము చెడును. కావున మర కొలతయు, ముఖపు ఆకారమును, రెండును కలిసిననే జాయింటు కలిసినట్లు.

ముందుగా ముఖమును చూడుడు. దీనికి ఏ పనిముట్టును అక్కరలేదు. మగ మర ఉన్న చివరను శుభ్రముగా తుడిచి ఎండలో చూచిన చాలును. చివర గరాటు వలె లోపలికి గుంటగా ఉన్నచో, అది బ్రిటిషు పైపు మర, అనగా బి.ఎస్.పి. కావచ్చును, లేదా ఐరోపా మెట్రిక్ రకము కావచ్చును. బి.ఎస్.పి. గరాటు వెడల్పుగా, లోతు తక్కువగా 60 డిగ్రీలతో ఉండును. ఐరోపా గరాటు 24 డిగ్రీలతో నిట్రముగా, లోతుగా ఉండును. రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి ఒకసారి చూచినవాడు మరల మరచిపోడు. చివర చిలుక ముక్కు వలె ముందునకు సన్నగిల్లి ఉన్నచో, అది అమెరికా పద్ధతియగు జె.ఐ.సి. కావచ్చును, దాని వాలు 37 డిగ్రీలు. జపాను యంత్రములలో, కొమాత్సు మొదలగువానిలో, ఇట్టి ముక్కే 30 డిగ్రీల వాలుతో వచ్చును. ఈ రెంటిని కంటితో వేరుచేయుట కష్టము. మర కొలిచి తేల్చవలెను: జె.ఐ.సి. అంగుళాల మర, కొమాత్సుది మిల్లీమీటర్ల మర. చివర బల్లపరుపుగా ఉండి, గాడిలో ఒక రబ్బరు ఉంగరము కూర్చుండి ఉన్నచో అది ఓ.ఆర్.ఎఫ్.ఎస్. అనునది. క్రొత్త భారీ యంత్రములలో ఇది ఎక్కువగా కనబడుచున్నది. కారుట తక్కువ. ఉంగరము పోయిన, లేక చినిగిన మాత్రము ఏమి చేసినను నిలువదు.

తరువాత మరను కొలువవలెను. ఇక్కడ మన రైతులు తరచుగా తికమక పడు ఒక సంగతి కలదు. "అర అంగుళము ఫిట్టింగు" అని కొట్టులో అడిగి తెచ్చి, ఇంటికి వచ్చి స్కేలు పెట్టి కొలిచి, మోసము జరిగినదని కొట్టువానిని తిట్టుదురు. అర అంగుళమనగా 12.7 మి.మీ. అర అంగుళపు బి.ఎస్.పి. మగ మర వెలుపలి కొలత దాదాపు 21 మి.మీ. ఉండును. మోసమేమియు లేదు. అర అంగుళమను పేరు పైపు లోపలి రంధ్రమునుబట్టి వచ్చినది, మరనుబట్టి వచ్చినది కాదు. హోసుకు కూడ అంతే, అర అంగుళపు హోసనగా లోపలి రంధ్రము అర అంగుళము. కొన్ని హోసుల మీద 8 అను అంకె ఉండును. అది అంగుళములో పదహారవ వంతులు ఎనిమిది, అనగా అర అంగుళము. 6 అనగా 3/8, 12 అనగా 3/4.

కొలుచుటకు ఒక వెర్నియర్ కాలిపరు కొనుడు. మోటారు బాగుచేయించు ఖర్చుతో పోల్చిన దాని వెల చాలా స్వల్పము. మగ మర వెలుపలి కొలతను తీసికొనుడు. తరువాత ఒక పల్లు కొననుండి మరుసటి పల్లు కొనవరకు గల ఎడమును చూడవలెను. ఒక పల్లును కొలిచిన తప్పు వచ్చును, పది పల్లుల దూరమును కొలిచి పదిచేత భాగించుడు. అన్ని పల్లులు లేనిచో ఐదింటిని కొలువుడు. అరిగిన మర అసలు కొలతకంటె ఒకటి రెండు పిసరులు తక్కువ చూపుననుట మరువరాదు.

అర అంగుళపు హోసుకు మన ప్రాంతములో కనబడు మరలను చెప్పెదను, వ్రాసికొనుడు. బి.ఎస్.పి. అర అంగుళము: వెలుపల 20.96 మి.మీ., అంగుళమునకు 14 పల్లులు, అనగా పల్లు ఎడము 1.81. జె.ఐ.సి.: వెలుపల 19.05 మి.మీ., అంగుళమునకు 16 పల్లులు, ఎడము 1.59. ఓ.ఆర్.ఎఫ్.ఎస్.: వెలుపల 20.64 మి.మీ., ఇదియు అంగుళమునకు 16 పల్లులే. ఐరోపా మెట్రిక్‌లో తేలిక రకము, బరువు రకము అని రెండు శాఖలు గలవు. 12 మి.మీ. పైపునకు తేలిక రకములో ఎం 18, బరువు రకములో ఎం 20. కొంచెము పెద్దవానిలో ఎం 22, ఎం 24. ఈ నాలుగింటికిని పల్లు ఎడము 1.5.

ఈ అంకెలను చూచినచో ప్రమాద మెక్కడ ఉన్నదో మీకే తెలియును. బి.ఎస్.పి. 20.96, ఓ.ఆర్.ఎఫ్.ఎస్. 20.64. మూడు పిసరుల తేడా! అరిగిన బి.ఎస్.పి. మరను కొలిచిన ఓ.ఆర్.ఎఫ్.ఎస్. వలెనే కనబడును. వెలుపలి కొలతను నమ్మినవాడు మోసపోవును, పల్లు ఎడమును చూచినవాడు నిలుచును. అట్లే ఎం 22 మర 22 మి.మీ.; అంగుళాలలో 7/8 మర 22.2 మి.మీ. చేతితో రెండు మూడు చుట్లు ఎక్కును. అక్కడ పట్టుకొనును. మేస్త్రి "తుప్పు పట్టినది" అని స్పానరుకు గొట్టము తొడిగి బలముగా త్రిప్పును. ఎక్కుచునే యున్నది గదాయని అందరును సంతోషింతురు. నిజమునకు లోపల పల్లులు కోసికొని పోవుచున్నవి.

వీని నన్నిటికంటె దొంగ స్నేహితులు బి.ఎస్.పి., ఎన్.పి.టి. అను రెండు. ఎన్.పి.టి. అమెరికా పైపు మర. అర అంగుళములోను, ముప్పాతిక అంగుళములోను రెంటికిని అంగుళమునకు 14 పల్లులే. కావున ఒకదానిలో మరియొకటి చక్కగా ఎక్కును. కాని ఒక పల్లు కోణము 55, మరియొక పల్లు కోణము 60. ఎన్.పి.టి. మర చివరకు సన్నగిల్లును కూడ. పల్లులు పూర్తిగా కూర్చుండవు. ట్రాక్టరు చల్లగా ఉన్నప్పుడు కారదు. ఆయిలు వేడెక్కి పలుచబడి, బరువు పడినప్పుడు కారును.

కాలిపరు లేని చోట ఒక సులభ విధానము చెప్పెదను. మీకు తెలిసిన మగ మర నొకదానిని, తెలియని మగ మర ప్రక్కన పల్లులు పల్లులలో పడునట్లు ఆనించి, వెలుతురు కెదురుగా పట్టి చూడుడు. పది పల్లుల పొడవునను సందు లేకుండ దువ్వెనలో దువ్వెన వలె కూర్చున్నచో పల్లు ఎడము ఒకటే. నడుమ నడుమ వెలుతురు కనబడిన, వేరు. పై పరీక్షలన్నిటికిని పైన ఇంకొక నియమము కలదు: నట్టు చేతి వ్రేళ్లతోనే చివరివరకు ఎక్కవలెను. స్పానరు చివరి బిగింపునకు మాత్రమే. చేతితో నడుమ ఆగిన నట్టును స్పానరుతో ముందుకు త్రోయరాదు.

యంత్రము రంగును, పేరును చూచి మర జాతిని తేల్చుట మంచిది కాదు. బ్రిటిషు వంశపు యంత్రములలో బి.ఎస్.పి. ఎక్కువ, అమెరికా వంశపు వానిలో జె.ఐ.సి., ఓ.ఆర్.ఎఫ్.ఎస్. ఎక్కువ, జర్మనీ, ఇటలీ పనిముట్లలో మెట్రిక్ ఎక్కువ. ఇది సామాన్యముగా నిజమే. కాని మీ చేతికి వచ్చిన పాత యంత్రము ఎన్ని చేతులు మారినదో, ఎన్ని హోసులు మార్చుకొన్నదో ఎవరికి తెలియును? కొలువుడు.

రెండు మరలును ఏవో తెలిసిన తరువాత కలుపుటకు మూడు మార్గములు గలవు. అన్నిటిలో ఉత్తమమైనది, రెండు చివరల రెండు రకముల ఫిట్టింగులు గల ఒక క్రొత్త హోసును చేయించుకొనుట. ట్రాక్టరు వైపు బి.ఎస్.పి., పనిముట్టు వైపు జె.ఐ.సి. ఉండవచ్చును, అందులో తప్పేమియు లేదు. విజయవాడ ఆటోనగరు వంటి చోట్లను, జిల్లా కేంద్రములలోను హోసును కోసి, ఫిట్టింగును యంత్రముతో నొక్కి ఇచ్చు కొట్లు గలవు. పాత హోసును, ఎదుటి ఫిట్టింగును రెంటిని తీసికొనిపోవుడు. నోటితో చెప్పి తెప్పించుకొనరాదు.

రెండవ మార్గము, ఒక ప్రక్క ఒక మర, మరియొక ప్రక్క వేరొక మర గల ఉక్కు అడాప్టరు. ఇది హైడ్రాలిక్ పనికై చేసినదై యుండవలెను. ఒక్క అడాప్టరుతో పని ముగియవలెను. బి.ఎస్.పి. నుండి ఎన్.పి.టి.కి, అందుండి మెట్రిక్‌కు అని మూడు అడాప్టరులను రైలు పెట్టెల వలె తగిలించిన జాయింటులను నేను చూచినాను. జాయింటు పెరిగిన కొలది కారు చోటు పెరుగును. పైగా ఆ పొడవు అంతయు మీటవలె పనిచేసి, హోసు ఊగినప్పుడెల్ల పంపు మూతిలోని మరను విరుచును. పోయిన అడాప్టరును మార్చవచ్చును. పంపు మూతి పగిలిన ఏమి చేయుదురు?

మూడవది ట్రాక్టరు వెనుకనుండు త్వరిత కప్లింగుకు, అనగా మెకానిక్కులు క్యూ.ఆర్.సి. అనుదానికి సంబంధించినది. పూర్వము ఒక్కొక్క కంపెనీ ఒక్కొక్క ఆకారముతో దీనిని చేసెడివి. ఇప్పటి ట్రాక్టరులలో అర అంగుళపు ఐ.ఎస్.ఓ. 7241 'ఎ' తరగతి కప్లింగు బాగుగా వ్యాపించినది. పనిముట్టు హోసు చివర వేరు జాతి మగ ముక్క ఉన్నచో దానిని బలవంతముగా గ్రుచ్చరాదు. ముక్కను విప్పి, ట్రాక్టరుకు సరిపోవు ముక్కను వేయుడు. ముక్క వెనుక మరను మాత్రము ముందు చూచుకొనుడు. ఒకే ఆకారపు ముక్కలు వెనుక బి.ఎస్.పి., ఎన్.పి.టి., మెట్రిక్ మరలతో వేరువేరుగా దొరకును.

బి.ఎస్.పి. సూటి మరను పంపు మూతిలోనికో వాల్వులోనికో బిగించునప్పుడు అడ్డు పని చేయునది ఇనుప వాషరు లోపలి అంచున రబ్బరు అతికిన వాషరు. కొట్టులో డౌటీ వాషరని అడుగుడు. అది లేక కారుచున్న జాయింటునకు తెల్ల టేపు చుట్టుట మన ఊరి అలవాటు. ముఖములతో గాని, వాషరుతో గాని అడ్డుకొను జాయింటుకు టేపు ఏ విధమునను ఉపయోగపడదు. తునుకలు తెగి ఆయిలులో కొట్టుకొనిపోయి వాల్వులో ఇరుకుకొనును. అప్పుడు నాగలి లేచునుగాని దిగదు, దిగునుగాని లేవదు. టేపు సన్నగిల్లు మరలకు మాత్రమే, అందును మొదటి రెండు పల్లులను విడిచి చుట్టవలెను.

ఇప్పుడు అన్నిటికంటె ప్రమాదకరమైన దానికి వచ్చుచున్నాను. మన బోరు పైపులకు, నీటి కొళాయిలకు వాడు జి.ఐ. నిప్పిళ్లు, సాకెట్లు బి.ఎస్.పి. మరతోనే చేయబడును. కావున ట్రాక్టరు హైడ్రాలిక్ మరకు అవి ఎక్కును. ఊరిలోని మోటారు కొట్టులోనే దొరకును. వెల తక్కువ. ఇంతకంటె మోసకరమైన కలయిక లేదు. నీటి ఫిట్టింగు తాళు ఒత్తిడి, ట్రాక్టరు హైడ్రాలిక్ ఒత్తిడిలో చిన్న భాగము. చాలా ట్రాక్టరులలో ఆ ఒత్తిడి 150 నుండి 200 బార్ల మధ్య ఉండును. ఎక్స్‌కవేటరులలో 300 బార్లు దాటును. లెక్క చూడుడు. అర అంగుళపు రంధ్రము వైశాల్యము 1.27 చదరపు సెంటీమీటర్లు. 180 బార్ల ఒత్తిడిలో ఆ ఫిట్టింగును వెలుపలికి త్రోయు బలము దాదాపు 230 కిలోలు, అనగా 75 కిలోల వడ్ల బస్తాలు మూడు ఆ చిన్న నట్టుకు వ్రేలాడుచున్నట్లు. హోసు మీద రేకు క్లాంపు బిగించి నడుపువారు ఈ మూడు బస్తాలను ఒకసారి తలచుకొనవలెను.

నే నెరిగిన ఒక గ్రామములో సెకండ్ హ్యాండు టిప్పింగ్ ట్రక్కునకు ఇట్లే జి.ఐ. నిప్పిలు వేసిరి. వారము దినములు పనిచేసినది. ఒకనాడు పశువుల ఎరువు నింపిన తొట్టి సగము లేచిన తరువాత నిప్పిలు మర మొదటిలో విరిగినది. సిలిండరులోని ఆయిలంతయు ఒక్కసారిగా వెలుపలికి చిమ్మి, తొట్టి క్రిందికి పడినది. వెనుక తలుపు గొళ్లెము తీయుటకు వచ్చిన కూలి అప్పుడే ప్రక్కకు తొలగెను గనుక బ్రదికినాడు. లేచిన తొట్టి క్రిందికి ఎవరును, హోసు ఎంత క్రొత్తదైనను, ఆనకట్టె పెట్టకుండ పోరాదు.

వెల్డింగు సంగతి. కలియని రెండు ఫిట్టింగులను సగము సగము కోసి అతికించి ఇత్తునని కొందరు వెల్డరులు చెప్పుదురు. ఆ అతుకు లోపల నిప్పురవ్వల ముద్దలు మిగులును, అవి విడివడి పంపులోనికి పోవును. అతుకు గట్టిదో కాదో పైకి తెలియదు. హోసు దగ్గర వెల్డు చేసిన వేడికి రబ్బరు చెడును. వలదు.

హోసు కొనునప్పుడు దాని ఒంటిమీది అచ్చు చదువుడు. ఒక వరుస తీగ అల్లిక గల హోసునకు 1 ఎస్.ఎన్. అనియు, రెండు వరుసలదానికి 2 ఎస్.ఎన్. అనియు గురుతు. అర అంగుళములో ఒంటి వరుసది 160 బార్లకు, రెండు వరుసలది 275 బార్లకు తగినది. ట్రాక్టరు 180, 190 బార్లు ఇచ్చునప్పుడు ఒంటి వరుస హోసు చాలదని వేరుగా చెప్పనక్కరలేదు. ఇంకొకటి గమనించుడు: హోసు లావైన కొలది అది తాళు ఒత్తిడి తగ్గును. రెండు వరుసల హోసే అంగుళపుదైనచో 165 బార్లకు మాత్రమే తగును. లావుది గట్టిదనుకొనుట పొరపాటు. ఫిట్టింగు, అడాప్టరు, హోసు, ఈ మూడింటిలో బలహీనమైనది ఎంత తాళునో జాయింటు అంతే తాళును. అమర్చునప్పుడు హోసు మెలి తిరుగరాదు, అచ్చు గీత నిటారుగా కనబడుచుండవలెను. ఒత్తిడి పడినప్పుడు హోసు కొద్దిగా కుంచించుకొనును గనుక బిగుతుగా లాగి కట్టరాదు.

రంధ్రము చిన్నదగు అడాప్టరు వేసిన ఏమగునని కొందరు అడిగిరి. ట్రక్కు తొట్టికైన, లేచుట దిగుట నెమ్మదించును, అంతకంటె హాని లేదు. జె.సి.బి.కి తగిలించు బర్మా వంటి, హైడ్రాలిక్ మోటారుతో తిరుగు పనిముట్టుకు మాత్రము తిరిగి వచ్చు త్రోవను ఇరుకు చేయరాదు. ఆయిలు వేడెక్కును, మోటారు సీలు పోవును. అట్టి మోటారులకు కొన్నింటికి కారు ఆయిలు టాంకుకు పోవుటకు మూడవ సన్నని గొట్ట ముండును. మర కలియలేదని దానిని మూసివేసిన మోటారు ఆ పూటే చెడును.

పని చేయు క్రమమును కొంచెము వివరముగా చెప్పెదను. నాగలిని గాని, తొట్టిని గాని నేలకు దింపుడు. ఇంజను ఆపుడు. ఆపిన తరువాత హైడ్రాలిక్ లీవరును ముందునకు వెనుకకు నాలుగుసార్లు కదల్చుడు, అప్పుడు హోసులో చిక్కిన ఒత్తిడి పోవును. ఇది చేయకుండ విప్పిన పనిముట్టు హోసును ఎండలో పడవేసిన, లోపలి ఆయిలు వేడికి ఉబ్బి కప్లింగు మరల ఎక్కదు. ట్రాక్టరు చెడినదని అనుకొందురు. అప్పుడు సుత్తితో కొట్టుట, స్క్రూ డ్రైవరుతో ముక్కలోని గోలీని పొడుచుట చేయరాదు. హోసును నీడకు చేర్చి చల్లారనిండు. అప్పటికిని ఎక్కనిచో కంటికి అద్దములు పెట్టుకొని, జాయింటు మీద మందపు గుడ్డ కప్పి, ముఖము ప్రక్కకు పెట్టి నట్టును కొద్దికొద్దిగా వదులు చేయవలెను.

విప్పుటకు ముందు చుట్టుపక్కల మట్టిని బ్రష్షుతో తుడిచి, డీజిలు గుడ్డతో శుభ్రపరచుడు. విప్పిన వెంటనే రెండు చివరలకును మూతలు పెట్టుడు. మూతలు లేనిచో శుభ్రమైన ప్లాస్టిక్ సంచి కట్టుడు. దుక్కి దున్నువారికి మట్టి మీద అసహ్యము ఉండదు, నాకును లేదు. కాని పంపులోనికి పోయిన ఇసుక రేణువు ఆకురాయి వలె పనిచేయును. బిగించునప్పుడు రెండు స్పానరులు పట్టుడు: ఒకటి అడాప్టరును కదలనీయక, రెండవది నట్టును త్రిప్పుటకు. ఒక్క స్పానరుతో త్రిప్పిన హోసు మెలి పడును.

పాత పనిముట్టును తగిలించునప్పుడు ఆయిలు సంగతి కూడ చూడవలెను. చాలా ట్రాక్టరులలో వెనుక గేరు పెట్టెలోని ఆయిలే హైడ్రాలిక్ పనికిని వాడబడును. మరియొక యంత్రమునకు పనిచేసిన సిలిండరును తెచ్చి తగిలించినప్పుడు, దానిలోని పాత ఆయిలు, నీరు, తుప్పు పొడి మీ గేరులలోనికి వచ్చును. ముందుగా సిలిండరును లోనికి నెట్టి పాత ఆయిలును ఒక డబ్బాలోనికి వంపివేయుడు. క్రొత్తగా తగిలించి నాలుగైదుసార్లు ఆడించిన పిమ్మట ట్రాక్టరు ఆయిలు మట్టమును మరల చూడుడు. సిలిండరు కొంత ఆయిలు త్రాగును.

కారుచున్నదా అని చూచుటకు చేయి పెట్టరాదు. ఈ ఒక్కమాటను ఇంటికిపోయి మీ ట్రాక్టరు డ్రైవరుకు, మీ పిల్లలకు చెప్పుడు. సూదిమొన యంత రంధ్రమునుండి వెలువడు ఆయిలు కంటికి కనబడదు. అది చర్మమును చీల్చి వ్రేలి లోపలికి పోవును. గాయము దోమ కుట్టినంత ఉండును. మొదట నొప్పి కూడ ఎక్కువగా నుండదు. పసుపు పెట్టి గుడ్డ కట్టుకొని మరునాటి వరకు ఊరకుందురు. ఈలోగా లోపల మాంసము చెడిపోవుచుండును. ఆలస్యమైనచో వ్రేలినో చేతినో తీసివేయవలసి వచ్చును. ఇది కొన్ని గంటలలో శస్త్రచికిత్స జరుగవలసిన గాయము. తిన్నగా శస్త్రవైద్యుడున్న పెద్ద ఆసుపత్రికి పోయి, "ఒత్తిడితో ఆయిలు చర్మములోనికి పోయినది" అని ఆ మాటలతోనే చెప్పవలెను. ఆయిలు డబ్బాను వెంట తీసికొనిపోవుడు. కారు చోటును కనిపెట్టుటకు ఒక అట్టముక్కను కర్రకు కట్టి జాయింటు వెంట దూరమునుండి నడుపుడు. ఆయిలు తగిలిన చోట అట్ట తడియును. కనబడిన తరువాత ఇంజను ఆపి, ఒత్తిడి వదలి, అప్పుడే స్పానరు పట్టుడు. నడుచుచున్న ఇంజనుతో నట్టును బిగించుట నేను చూచిన తప్పులలో మిక్కిలి సాధారణమైనది.

నా శాస్త్రమునకు సంబంధించిన మాట ఒకటి చెప్పనిండు. జాయింటు తెగి పొలములో ఆయిలు పడిన చోట నేల నీటిని సరిగా పీల్చదు, విత్తనము సరిగా మొలవదు. తడిసిన మట్టిని వెంటనే పారతో ఎత్తి బస్తాలోనికి తీయుడు. కాలువలోనికి, చేపల చెరువులోనికి పోకుండ చుట్టును మట్టికట్ట వేయుడు. దుక్కి చేసి కలిపివేసిన పోవునను తలంపు సరికాదు, అది మచ్చను వెడల్పు చేయుటయే యగును.

రోహిణి కార్తెకు ముందే ప్రతి రైతును ఒక పగలు దీనికై కేటాయింపవలెనని నా కోరిక. పనిముట్లన్నిటిని ట్రాక్టరుకు తగిలించి, లేపి, దింపి చూచుకొనుడు. కలియని మరలు అప్పుడు బయటపడిన, పట్నమునకు పోయి వచ్చుటకు తీరిక యుండును. వాన వెలిసిన మరునాడు క్రింపింగు కొట్టు ముందు పది ట్రాక్టరులు నిలిచి యుండును. ఒక రేకు డబ్బాలో వీనిని పెట్టుకొనుడు: మీ యంత్రముల మరలకు ఒక్కొక్క నమూనా ముక్క, డౌటీ వాషరులు, ఓ రింగులు, రెండు మూతలు, ఒక అడాప్టరు, కాలిపరు, అట్టముక్క. ప్రతి హోసు చివర ఒక రేకు బిళ్లను తీగతో కట్టి, దాని మీద మర పేరు, కొలత, హోసు వేసిన నెల, సంవత్సరము మేకుతో గీయుడు. రంగుతో వ్రాసిన ఆయిలుకు చెరిగిపోవును.